కాడి ఎత్తుకుంటే విశ్రాంతి ఎట్టా?

కావలి నుంచి, అడిగినామె:
మూడేళ్లుగా మంచాన ఉన్న నాయనమ్మకు మా అమ్మే అన్నీ చేస్తా ఉంది. రాత్రిపూట మత్తయి సువార్త 11వ అధ్యాయం తీసి, "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి" అని చదువుకుంటది. నిన్న నన్నడిగింది: "యేసు విశ్రాంతి ఇస్తానన్నాడు, బాగుంది. ఆ వెంటనే కాడి ఎత్తుకోమంటాడేందే?" నాకు జవాబు తోచలా. చేతకాక వదిలేసినోణ్ణి కాడి పడేశాడంటాం గదా. మరి ఎత్తుకుంటే విశ్రాంతి ఎట్టా? సేద్యం తెలిసినోళ్లు, సువార్త మూలభాష గ్రీకు తెలిసినోళ్లు చెప్పండి.

టంగుటూరు నుంచి:
అమ్మాయ్, గ్రీకు నాకు రాదు, ఎద్దులు తెలుసు. కాడి ఒక్క ఎద్దుకు కట్టేది కాదు, జతకు. కోడెను కొత్తగా పనిలోకి దించేటప్పుడు దాని పక్కన నలిగిన ముసలెద్దును కడతాం. బరువు ముసలిదే లాగుద్ది, కోడె అడుగు నేర్చుకుంటది. "నా యొద్ద నేర్చుకొనుడి" అన్న మాట కాడి పక్కనే ఉంది చూడు. ఒంగోలు గిత్తలు పుట్టిన గడ్డమీద ఉండి కాడంటే ఒంటరి బరువనుకుంటే ఎట్టా?
ఇంకోటి, కాడి మెడకు కుదరకపోతే రెండు రోజుల్లో పుండు పడుద్ది. ఆ వెంటనే "నా కాడి సులువు" అన్నాడు గదా, సులువైన కాడంటే తేలికపాటి కొయ్య కాదు, మెడకు అమరింది.

నెల్లూరు నుంచి:
మాస్టారూ, మీరు పొలంలో చెప్పింది గ్రీకులోనూ ఉంది. మనవాళ్లు "సులువు" అన్నచోట మూలంలో ఉన్న మాట ఖ్రేస్తోస్. మంచిది, దయగలది, పనికి అమరేది, అన్నీ ఆ మాటలోనే. లూకా 6:35లో దేవుడు కృతజ్ఞత లేనివాళ్లకు కూడా "ఉపకారి" అన్నచోటా అదే మాట. ఉపకారం చేసే కాడి! "సులువు"లో ఆ దయ కనపడదు.
నాకు అసలు పేచీ "మోసికొనుచున్న" దగ్గర. గ్రీకులో అది పెఫోర్తిస్‌మెనోయ్, అంటే ఇతరులు బరువెత్తితే ఆ బరువు కింద ఉన్నవాళ్లు. తెలుగులో "కొను" చేరేసరికి, వాళ్లే ఏరికోరి నెత్తినెత్తుకున్నట్టు అయిపోయింది.

ఒంగోలు నుంచి:
అంత మాట అనకు, అన్నా. కూలీ మూటలు మోసుకుంటా పోతాడు, అవి అతనివా? 1876-78 కరువులో ఇక్కడి మిషనరీ క్లౌ బకింగ్‌హామ్ కాలవ మూడున్నర మైళ్లు కంట్రాక్టుకు తీసుకుని జనానికి పని చూపించాడు. మట్టి గంప నెత్తిన పెట్టుకున్న మనిషికి ఈ వాక్యం చదివితే "కొను" దగ్గర ఆగుతాడా? మెడ నొప్పి దగ్గర ఆగుతాడు.

నెల్లూరు నుంచి:
గంప సంగతి ఒప్పుకుంటా. కానీ మత్తయే 23:4లో శాస్త్రులు, పరిసయ్యులు అనే యూదు మతపెద్దలు "మోయ శక్యముకాని భారమైన బరువులు కట్టి మనుష్యుల భుజములమీద" పెడతారంటాడు. అక్కడి బరువు మాట, ఇక్కడి భారం మాట గ్రీకులో ఒకే వేరు నుంచి వచ్చినవే. ఎవరు ఎత్తారన్నది ఆయన మర్చిపోలేదు, మన తెలుగు మర్చిపోయింది.

టంగుటూరు నుంచి:
విశ్రాంతి గురించి ఎవరూ ఎత్తలేదే. శ్రాంతి అంటేనే అలుపు, దానికి "వి" చేరితే అలుపు పోవడం. మాట బాగానే ఉంది గానీ, రిటైరైనోళ్లను విశ్రాంత ఉద్యోగులని అనీ అనీ అది కుర్చీకి అతుక్కుపోయింది. నాకైతే 23వ కీర్తనలో "నా ప్రాణమునకు ఆయన సేదదీర్చుచున్నాడు" అన్నదే ఇష్టం. సేద తీరినాక మళ్లీ లేచి నడుస్తాం. ఇక్కడ కూడా "మీ ప్రాణములకు విశ్రాంతి" అన్నాడు గానీ ఒంటికి అనలా. ఎండన పడొచ్చి కుండలో నీళ్లు తాగి "ప్రాణం లేచొచ్చింది" అంటాం చూడు, అది.

కావలి నుంచి, అడిగినామె:
అందరికీ దణ్ణాలు. అమ్మకు అంతా చదివి వినిపించా. "ఎవరో ఎత్తారా, నేనే ఎత్తుకున్నానా అని ఎప్పుడూ అనుకోలేదే" అనింది. జత ఎద్దుల సంగతికి మాత్రం కాసేపు నవ్వి, "అయితే ఆదివారం నాయనమ్మకు నువ్వు నీళ్లు పోసి, అన్నం పెట్టు. నేను గుడికి పోయొస్తా" అంది.