చీరల కొట్టుకి ఆన్‌లైన్ షాప్ కట్టించాలి, ఎవరికివ్వాలి? ఎంతవుతుంది?

మంగళగిరి_మగ్గం:
అందరికీ నమస్కారం. మాది మంగళగిరిలో చిన్న చీరల కొట్టు. నాన్న పాతికేళ్లుగా పదీ పన్నెండు మగ్గాల మీద నేయించి అమ్ముతున్నారు. కరోనా టైములో నేను వాట్సాప్ గ్రూపులు మొదలుపెట్టా. ఇప్పుడు ఆరు గ్రూపులు, అమ్మకంలో సగం అక్కడే. తంటా ఏంటంటే మా దగ్గర ఒక్కో రంగులో ఒక్క చీరే ఉంటుంది. ఫొటో పెట్టిన పది నిమిషాల్లో ముగ్గురు "నాకు పక్కన పెట్టండి" అంటారు. ఈలోపు నాన్న కౌంటర్లో అదే చీర అమ్మేసి ఉంటారు. పోయిన శ్రావణంలో ఒకే చీరకి ఇద్దరి దగ్గర ఫోన్‌పే చేయించుకుని, ఒకావిడతో బాగా తిట్లు తిన్నాను.

అందుకే సొంత సైటు అనుకుంటున్నా. మూడు రేట్లు వచ్చాయి. మా వీధిలో బీటెక్ చదివే కుర్రాడు 12 వేలు అన్నాడు. విజయవాడలో ఒకాయన 45 వేలు. హైదరాబాద్ కంపెనీ లక్షా 40 వేలు, దానిమీద జీఎస్‌టీ. ముగ్గురూ చూపించిన నమూనాలు నా కంటికి ఒకేలా ఉన్నాయి. ఇంత తేడా దేనికి? కట్టించుకున్న వాళ్లు మీ అనుభవం చెప్పండి.

కోడ్‌కూలీ:
తొమ్మిదేళ్లుగా ఇదే నా బతుకుతెరువు కాబట్టి చెప్తా. ఒకేలా కనపడటంలో వింతేం లేదు బ్రదర్, ముగ్గురూ రెడీమేడ్ థీమే, అంటే తయారుగా దొరికే డిజైనే వేస్తారు. మీ స్థాయి షాపుకి మొదటి నుంచి కోడ్ రాసేవాడు ఎవడూ ఉండడు, రాయాల్సిన పనీ లేదు. తేడా అంతా కనపడని చోట ఉంటుంది. చీరలు సైట్లోకి ఎవరు ఎక్కిస్తారు? పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే సేవ), కొరియర్ కలిపేది ఎవరు? ఏడాది తర్వాత ఏదైనా ఆగిపోతే ఫోన్ ఎత్తేది ఎవరు? 12 వేల కుర్రాడు బహుశా ఈ మూడూ చేయడు. లక్షా 40 వేల కంపెనీ చేస్తుంది, కానీ మీ పని వాళ్లు కూడా ఓ 12 వేల కుర్రాడికే ఇస్తారు. నేను అలాంటి చోట పనిచేసి వచ్చినవాడినే.

ముందు ఎన్ని చీరలు పెడతారో చెప్పండి. 80 చీరలు ఫొటోలతో, వివరాలతో ఎక్కించడమే ఒక మనిషికి వారం పని.

నెల్లూరు_నాని:
సైటు లేదు గియిటు లేదు, ఇన్‌స్టాలో రీల్స్ పెట్టుకో అన్నా. చాలు.

పచ్చళ్ల_పద్మ:
తమ్ముడూ, నా కథ విను, తర్వాత ఎవరికైనా ఇచ్చుకో.

మేం తణుకులో పచ్చళ్లు, పొడులు చేస్తాం. నాలుగేళ్ల కిందట తెలిసినవాళ్ల ద్వారా ఒకతను దొరికాడు. మంచివాడే, పని కూడా బాగానే చేశాడు, 30 వేలు తీసుకున్నాడు. "డొమైన్, హోస్టింగ్ అంతా నేను చూసుకుంటా అక్కా, మీకెందుకు టెన్షన్" అన్నాడు. డొమైన్ అంటే సైటు పేరు, హోస్టింగ్ అంటే సైటు ఉండే అద్దె జాగా. నేనూ హమ్మయ్య అనుకున్నా. చూసుకోవడం అంటే వాడి మెయిల్‌తో, వాడి పేరు మీద కొనడం అని నాకేం తెలుసు?

రెండో ఏడు రెన్యువల్ టైముకి అతను వేరే ఉద్యోగంలోకి వెళ్లిపోయాడు. ఫోన్ చేస్తే రేపు, ఎల్లుండి. సైటు ఆగిపోయింది. చివరికి దొరికాడు, పేరు నాకు మార్చాలంటే 25 వేలు ఇవ్వమన్నాడు. అప్పటికే నాలుగు వేల లేబుళ్ల మీద ఆ సైటు పేరు అచ్చేయించి ఉన్నా. ఇవ్వలేదు, పంతం వచ్చింది. కొత్త పేరు కొన్నా. లేబుళ్లు మళ్లీ అచ్చు. ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార లైసెన్సు) 14 అంకెల నంబరు ఒక్కటే పాతది, మిగతాదంతా కొత్త డిజైన్. పాత కస్టమర్లు చాలామంది మేం పచ్చళ్లు మానేశామనుకున్నారట!

ఇప్పుడు డొమైన్ నా మెయిల్, నా ఫోన్ నంబర్, నా కార్డుతో కొన్నా. అరగంట పని, ఏడాదికి వెయ్యి లోపే. ఆ అరగంట బద్ధకానికి నాకైంది అక్షరాలా 60 వేలు.

కోడ్‌కూలీ:
పద్మ గారు చెప్పింది బంగారం. అయితే ఒక మాట, అందరూ మోసగాళ్లు కారు. సగం మంది కస్టమర్లు ఓటీపీ అడిగితే "నువ్వే చూసుకో తమ్ముడూ" అంటారు. మేం మా పేరు మీద తీసేస్తాం, రెండేళ్లకి మేమే మర్చిపోతాం. ఎవరి పేరున ఉందో ఇవాళే చూసుకోండి, గొడవ పడ్డాక కాదు.

హోస్టింగ్ కూడా మీరే కొని, పనిచేసేవాడికి వేరే లాగిన్ ఇవ్వండి. పని అయ్యాక ఆ లాగిన్ తీసేయడం ఒక్క నొక్కు. మొదటి ఏడు డిస్కౌంట్ చూసి మురిసిపోకండి, రెన్యువల్ రేటు చూసి కొనండి, చాలాచోట్ల రెట్టింపు దాటుతుంది. ఎస్ఎస్ఎల్ (సైటుకి, కొనేవాళ్లకి మధ్య సమాచారాన్ని కాపాడే సర్టిఫికెట్) అని విడిగా ఐదు వేలు రాస్తే ఎందుకని అడగండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితం, చాలా హోస్టింగుల్లో దానంతట అదే పడుతుంది.

పోచంపల్లి_చిన్నోడు:
నేను ఎవరికీ ఇయ్యలే. షాపిఫై అని నెల కిరాయికి షాపు సైటు ఇచ్చేటోళ్లున్నరు, దాంట్ల నేనే కట్టుకున్నా, నాలుగు రాత్రులు పట్టింది. మాది ఇక్కత్. హోస్టింగ్ గొడవ లేదు, అప్‌డేట్ల గొడవ లేదు. నెలనెలా కిరాయి కట్టుడే.

కోడ్‌కూలీ:
కట్టుడు సరే అన్నా, అమ్మకం మీద పడే కమీషన్ కోతలు కూడా చెప్పు. షాపిఫై సొంత పేమెంట్ సేవ మన దేశంలో లేదు కాబట్టి బయటి గేట్‌వే వాడాలి. బేసిక్ ప్లాన్‌లో దానికి వాళ్లు 2 శాతం తీసుకుంటారు. గేట్‌వే వాడిది ఇంకో 2 శాతం, దానిమీద 18 శాతం జీఎస్‌టీ. 3 వేల చీర మీద దాదాపు 130 పోతుంది. వర్డ్‌ప్రెస్ అనే ఉచిత సైటు సాఫ్ట్‌వేర్‌కి షాపు కలిపే వూకామర్స్ అయితే ఆ మొదటి 60 మిగులుతుంది. కానీ వర్డ్‌ప్రెస్ అప్‌డేట్లు, బ్యాకప్‌లు చూసే మనిషి కావాలి.

పోచంపల్లి_చిన్నోడు:
నెలకు 40 చీరలు పోతే 2400 అయితది. ఆ మనిషి అంతకన్న తక్కువకు దొరుకుతడా? దొరికితే నాకు గూడ చెప్పు, నేను గూడ మారుత.

కోడ్‌కూలీ:
ఇది నిజమే. ఒప్పుకుంటున్నా.

తెనాలి_తాతయ్య:
మా అబ్బాయి ఎలక్ట్రికల్ షాపు సంగతి. కంప్యూటర్లో సైటు బాగానే తెరుచుకునేది. ఫోన్లో గూగుల్ నుంచి వస్తే మాత్రం పేకాట, బెట్టింగ్ పేజీలు! రెండు నెలలు మాకు తెలియనే లేదు, ఎందుకంటే మేం ఎప్పుడూ షాపులో కంప్యూటర్లోనే చూసేవాళ్లం. ఒక కస్టమర్ నవ్వుతూ చెప్పాడు, పరువు పోయింది. విచారిస్తే కట్టినవాడు డబ్బుపెట్టి కొనాల్సిన థీమ్‌ని ఎక్కడో ఫ్రీగా దింపి వేశాడట. అందులోనే ఉంది పురుగు. థీమ్ కొన్న బిల్లు మీ పేరు మీద ఉండాలని అడగండి నాయనా. నాలుగైదు వేలకి కక్కుర్తి పడి వాడు చేసిన పనికి శుభ్రం చేయడానికి ఇంకొకడికి 9 వేలు ఇచ్చాం.

డల్లాస్_కోడలు:
కట్టేవాళ్ల గురించి కాదు, కొనేదాన్ని కాబట్టి నా వైపు నుంచి చెప్తా. నేను చేనేత చీరలు సైట్లలో తరచుగా కొంటాను. చాలా సైట్లలో ఒక్క ఫొటో, అది కూడా ట్యూబ్‌లైట్ కింద తీసింది. గంధం రంగు అని తెప్పిస్తే లేత గులాబీ వచ్చింది. నాకు కావలసింది పగటి వెలుగులో తీసిన ఫొటో, అంచు దగ్గర నుంచి ఒకటి, పమిట విప్పి ఒకటి, చేత్తో మడత తిప్పుతూ పదిహేను సెకన్ల వీడియో. జాకెట్ ముక్క ఉందా లేదా రాయండి. చేనేత మార్కు లేబుల్ ఉంటే అదీ ఫొటో తీయండి, పవర్‌లూమ్ చీర పక్కన పెడితే ఫొటోలో మాకు తేడా తెలియదు.

ఇంకోటి. విదేశీ కార్డులు గేట్‌వేలో విడిగా అనుమతి తీసుకుంటేనే పనిచేస్తాయి. కట్టేవాడు ఆ సంగతి చెప్పడు, మేం మూడుసార్లు ప్రయత్నించి వదిలేస్తాం. అమెరికాకి పంపే ఆలోచన ఉంటే, 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29న తీసేశారు. ఆ సుంకం ఎవరు కట్టాలో సైట్లోనే రాసేయండి. ఇక్కడ తలుపు దగ్గర అడిగితే చాలామంది పార్సిల్ తీసుకోరు.

మంగళగిరి_మగ్గం:
అక్కా, ఫొటోల సంగతి నాకు తట్టనే లేదు. ముగ్గురిలో ఒక్కరూ అడగలేదు కూడా. డాబా మీద పొద్దున తొమ్మిదింటికి తీసి చూస్తా. నిజాం అంచు జరీ ఎండలో మరీ మెరిసిపోతుంది, నీడ పట్టున తీయాలేమో.

పద్మక్కా, కొరియర్ ఎలా చేస్తున్నారు?

పచ్చళ్ల_పద్మ:
షిప్‌రాకెట్ లాంటివి సైటుకి కలుపుకుంటే ఆర్డర్ రాగానే స్లిప్ వస్తుంది. నీకు చీరలు కాబట్టి హాయి, నాకు సీసాలు. బరువు కాదు తమ్ముడూ, డబ్బా సైజు కొడుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. 30, 25, 20 డబ్బా అంటే 3 కిలోల లెక్క, లోపల రెండు కిలోల ఆవకాయే ఉన్నా సరే. సైట్లో మాత్రం రెండు కిలోల ఛార్జీ పెట్టాడు మా సైటు కట్టినవాడు. మూడు నెలలు పార్సిల్‌కి ఇంత అని చేతి నుంచి పెట్టుకున్నా. క్యాష్ ఆన్ డెలివరీ మొదట్లో పెట్టకు. తీసుకోకపోతే పోను, రాను రెండు ఛార్జీలూ నీకే.

గుమాస్తా_గారు:
ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తాను. సైటు మొదలయ్యాక పరిగెత్తుకొచ్చేవాళ్లు ఎక్కువ కాబట్టి ముందే చెప్తున్నా.

సొంత సైటులో రాష్ట్రం దాటి సరుకు అమ్మితే మామూలుగా టర్నోవర్ ఎంతున్నా జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉండాలి. మంగళగిరి నుంచి హైదరాబాద్ పంపినా అది వేరే రాష్ట్రమే. చేనేత, హస్తకళల సరుకులకు కొన్ని మినహాయింపులున్నాయి. మీరే నేయిస్తున్నారా, కొని అమ్ముతున్నారా అన్నదాన్ని బట్టి మీకు వర్తిస్తుందో లేదో మీ ఆడిటర్‌ని కూర్చోబెట్టి అడగండి.

గేట్‌వే వాళ్లు పాన్, బ్యాంకు ఖాతాతో పాటు సైట్లో చిరునామా, రిఫండ్ విధానం, ప్రైవసీ, షరతుల పేజీలు చూస్తారు. అవి ఇంకెవరి సైటు నుంచో కాపీ కొట్టి పెడతారు. ఒకరి సైట్లో "బిస్కెట్లు వాపసు తీసుకోబడవు" అని ఉంది, వాళ్లమ్మేది ఇత్తడి సామాను. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదులు చూసే మనిషి పేరు, ఫోన్ కూడా సైట్లో ఉండాలి. 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి.

డబ్బిచ్చి చేయించుకున్నాం కాబట్టి మాదే అనుకుంటారు. జీతం మీద పనిచేసే ఉద్యోగి చేస్తే యజమానిది. బయటివాడు రాసిన కోడ్ మీద హక్కు, కాగితం మీద బదిలీ చేస్తే తప్ప, రాసినవాడిదే. 1957 కాపీరైట్ చట్టంలో ఉన్నదే ఇది. బదిలీ చేస్తున్నట్టు సంతకంతో రాయించుకోండి.

మంగళగిరి_మగ్గం:
కాగితం అంటే ఏం రాయాలి? స్టాంపు పేపరు కావాలా? మా విజయవాడ ఆయన "నమ్మకం లేకపోతే వద్దులెండి" అంటున్నారు.

కోడ్‌కూలీ:
అలా అన్నవాడిని నేనైతే అక్కడే వదిలేస్తా. ముందు ఒక మెయిల్ చాలు, అతను "సరే" అని జవాబిస్తే మాటకి ఆధారం ఉంటుంది. హక్కు బదిలీ వాక్యానికి మాత్రం సంతకం కావాలి, గుమాస్తా గారు చెప్పినట్టు. మెయిల్లో ఇవి రాయండి: ఎన్ని చీరలు ఎక్కిస్తాడు, ఏ తేదీకి, ఏమేం కలుపుతాడు, తర్వాత ఎన్ని నెలలు తప్పులు దిద్దుతాడు. "ఎస్ఈఓ (గూగుల్ వెతుకులాటలో పైకి తేవడం) ఉచితం" లాంటి మాటలు వద్దు, వాటికి కొలత లేదు. డబ్బు మూడు భాగాలు చేయండి. మొదట 30 శాతం, డిజైన్ మీ ఫోన్లో చూశాక 40, చివరి 30 పరీక్ష అయ్యాకే.

పరీక్ష అంటే మీరే కొనాలి. రూపాయి ధరతో ఒక చీర పెట్టండి. మీ అమ్మగారి ఫోన్లో, వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద ఆవిడ చేతే కొనిపించండి. మీరు పక్కన కూర్చుని నోరు మూసుకోండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ మీ కస్టమర్లు కూడా ఆగిపోతారు. డబ్బు మీ బ్యాంకులో పడాలి, ఆర్డర్ మెయిల్ స్పామ్‌లోకి పోకూడదు, స్టాక్ సున్నా కావాలి. తర్వాత రిఫండ్ కొట్టి చూడండి.

మా వైపు నుంచి కూడా ఒక విన్నపం. ఫొటోలు ఇస్తామని చెప్పి మూడు నెలలు నానబెట్టకండి. లోగో మీ బావమరిదికి, పిన్నిగారికి చూపించి ఎనిమిదిసార్లు మార్పించకండి.

నెల్లూరు_నాని:
లోగో మార్పించేది బావమరిదే. ఇది మాత్రం కరెక్ట్.

మంగళగిరి_మగ్గం:
మూడు నెలల తర్వాత వచ్చా, అడిగిన వాళ్లకోసం.

విజయవాడ ఆయనకి ఇవ్వలేదు. మా వీధి కుర్రాడికే ఇచ్చా, కానీ 12 వేలకి కాదు, 22 వేలకి. పోచంపల్లి అన్న చెప్పినట్టు షాపిఫైలో. డొమైన్, గేట్‌వే, అన్నీ నా పేరు మీదే. ఫొటోలు నేను, నా భార్య తీశాం, 64 చీరలకి పదకొండు రోజులు పట్టింది. ఆషాఢం డిస్కౌంట్ల కన్నా ఇదే పెద్ద పనైంది. అమ్మ చేత కొనిపిస్తే పిన్‌కోడ్ గడి దగ్గర ఆగిపోయింది, "ఇది ఫోన్ నంబరా?" అంది. దాని మీద తెలుగులో రాయించాం.

స్టాక్ గొడవ సైటుతో పూర్తిగా తీరలేదు. నాన్న కౌంటర్లో అమ్మిన చీర సైట్లో అలాగే ఉండిపోయేది. చివరికి ప్రతి చీరకి నంబరు చీటీ కట్టాం. అమ్మగానే చీటీ తెంపి డబ్బాలో వేస్తారు, నేను గంటకోసారి ఫోన్లో తీసేస్తా. అయినా ఒక చీర ఇద్దరికి పడింది, ఒక్కసారే.

ఇప్పటికి 37 ఆర్డర్లు. 29 పాత వాట్సాప్ వాళ్లే.

డల్లాస్_కోడలు:
శుభం. ఆ గంధం రంగు నిజాం అంచు, మీరు నమూనా ఫొటో పంపింది, 41 నంబరు, ఉందా?

మంగళగిరి_మగ్గం:
సైట్లో ఉంది అక్కా. ఒక్క నిమిషం, డబ్బాలో చీటీ ఉందేమో చూసొస్తా.