30 డాలర్ల బీట్‌తో హిట్ కొట్టారు కదా, మనమూ లీజు బీట్ మీదే సింగిల్ వదలొచ్చా?

కృష్ణలంక808
'ఓల్డ్ టౌన్ రోడ్' బీట్‌ని, అంటే పాట వెనక వాయిద్యాల ట్రాక్‌ని, అమెరికా ర్యాపర్ లిల్ నాస్ ఎక్స్ నెట్‌లో 30 డాలర్లకి లీజుకి (వాడుకునే హక్కు మాత్రమే) తీసుకున్నాడు. 2018 డిసెంబర్‌లో సొంతంగా వదిలాడు. 2019లో అమెరికా పాటల చార్టు హాట్ 100లో 19 వారాలు నంబర్ వన్! బెజవాడలో మాత్రం సింగిల్ అనగానే బీట్ పూర్తిగా కొనెయ్యాలంటారు. ఆ డబ్బేదో వీడియో మీద పెట్టండయ్యా.

బ్రాడీపేట ఫేడర్
సగం కథే చెప్పావ్ గురూ. ఆ బీట్‌లో వినిపించే బాంజో ముక్క నైన్ ఇంచ్ నెయిల్స్ అనే రాక్ బ్యాండ్ 2008 ఆల్బమ్‌లోది. పాట పేలాకే హక్కుల సంగతి తేలింది. ఇప్పుడు ఆ బ్యాండ్ వాళ్లు ట్రెంట్ రెజ్నర్, ఆటికస్ రాస్ కూడా రచయితల జాబితాలో ఉన్నారు, అంటే వాటా పంచుకున్నట్టే. అప్పటికి వెనకాల కొలంబియా లేబుల్ ఉంది. గుంటూరు కుర్రాడి వెనకాల ఎవరున్నారు? అద్దెకిచ్చినవాడిది ఆ ఇల్లే కాకపోతే నీ అగ్రిమెంట్ ఎందుకూ పనికిరాదు.

గాంధీనగర్ మాస్టరింగ్
ఇలా వేరేవాళ్ల రికార్డింగ్ ముక్క వాడిన శాంపిల్ గొడవ ఎప్పుడో ఒకసారి. రోజూ తగిలే దెబ్బ వేరే ఉందండీ. పాటని యాప్‌లకి పంపే డిస్ట్రిబ్యూటర్ ఫారంలో యూట్యూబ్ కంటెంట్ ఐడీ (వేరే వీడియోల్లో మీ ఆడియోని పట్టే ఏర్పాటు) దగ్గర టిక్ పెట్టేస్తారు. పదిమందికీ ఇచ్చే లీజు బీట్‌కి అది పెట్టకూడదు. పెడితే అదే బీట్ తీసుకున్న మిగతావాళ్ల పాటల మీద, ఒక్కోసారి బీట్ చేసినవాడి సొంత వీడియో మీద కూడా మీ పేరుతో క్లెయిమ్ పడుతుంది. అతను లైసెన్స్ రద్దు చేస్తే పాట దించుకోవాల్సిందే.

చవక లీజులో సాధారణంగా ఎంపీ3 ఒక్కటే ఇస్తారు, స్టెమ్స్ (ఒక్కో వాయిద్యానికి విడి ట్రాక్) ఉండవు. మెలొడీ గొంతు మీద ఎక్కి కూర్చుంటే మన ఒత్తులు, ద్విత్వాలు వినపడకుండా పోతాయి. బీట్‌లో 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య 2-3 డీబీ తగ్గించి చూడండి, అదీ గొంతు వచ్చినప్పుడు మాత్రమే. స్ట్రీమ్‌ల పరిమితి ఎంతో కూడా లీజు కాగితంలో ముందే చదవండి.

కృష్ణలంక808
టిక్ మాట ఒప్పుకున్నా అన్నా. కానీ 'ఓల్డ్ టౌన్ రోడ్' ఆడింది చిన్న నిడివి వల్ల. 1 నిమిషం 53 సెకన్లు! స్పాటిఫైలో 30 సెకన్లు వింటే ఒక స్ట్రీమ్. పైగా హాట్ 100లో రీమిక్స్‌లన్నీ ఒకే పాట కింద కలిపారు. 2019 ఏప్రిల్ 5న కంట్రీ గాయకుడు బిల్లీ రే సైరస్‌తో రీమిక్స్ వచ్చాక ఒక్క వారంలో అమెరికాలో 14.34 కోట్ల స్ట్రీమ్‌లు. మనమూ స్లో వెర్షన్, స్పీడ్ వెర్షన్ వదిలితే సరి.

బ్రాడీపేట ఫేడర్
కలిపింది చార్టులో బాబూ, జేబులో కాదు. ఒక్కో వెర్షన్‌కి ఒక్కో ఐఎస్ఆర్‌సీ కోడ్ (రికార్డింగ్ గుర్తింపు నంబర్), లెక్క కూడా విడివిడిగానే. 2024 నుంచి స్పాటిఫైలో గత 12 నెలల్లో 1000 స్ట్రీమ్‌లు రాని ట్రాక్‌కి రికార్డింగ్ రాయల్టీ రాదు. ఒకే పాటకి 1500 వస్తే డబ్బు లెక్కలోకి వస్తుంది. అదే మూడు వెర్షన్లకి తలా 500 పడితే మూడూ సున్నా.

కృష్ణలంక808
సరే, ముందు లీజుకి తీసుకుని, పాట ఆడితే అప్పుడు ఎక్స్‌క్లూజివ్ (ఇక వేరెవరికీ ఇవ్వకుండా పూర్తి హక్కు) కొనుక్కుంటాం. ఇంకేంటి?

గాంధీనగర్ మాస్టరింగ్
అంతకుముందు లీజుకి తీసుకున్నవాళ్ల పాటలు మామూలుగా అలాగే ఉంటాయండీ, మీరు కొన్నంత మాత్రాన పోవు. ఇప్పటిదాకా ఎంతమందికి ఇచ్చాడో, అందులో బయటి శాంపిల్ ఏమైనా ఉందో బీట్ చేసినవాడి చేత మెయిల్‌లో రాయించుకున్నాకే డబ్బు పంపండి.