లెగో స్టార్ వార్స్ హాలిడే స్పెషల్: సినిమాలు చూడని పిల్లలకు ముందే చూపించవచ్చా?

విశాఖ_అమ్మ:
మా వాడికి తొమ్మిదేళ్ళు. అంతరిక్షంలో జరిగే ఆ స్టార్ వార్స్ సినిమాల్లో ఒక్కటీ చూడలేదు. కానీ పుట్టినరోజుకు ఎవరో ఇచ్చిన లెగో డబ్బా పుణ్యమా అని డార్త్ వేడర్, యోడా, చూబాకా పేర్లన్నీ నోటికి వచ్చేశాయి. ఇప్పుడు 2020లో వచ్చిన లెగో హాలిడే స్పెషల్ పెట్టమని ఒకటే గొడవ. ముప్పావు గంట కార్యక్రమమే కదా, పెట్టేద్దాం అనుకున్నాను. మా తమ్ముడేమో "తొమ్మిది సినిమాలు చూడకుండా అది చూస్తే ఏం అర్థమవుతుంది అక్కా" అని అడ్డం పడ్డాడు. తొమ్మిది సినిమాలు కూర్చుని చూసే ఓపిక నాకు లేదు. మీ ఇళ్ళలో ఏం చేశారో చెప్పండి.

డల్లాస్_నాన్న:
మా పిల్లలిద్దరూ ఏ సినిమా చూడకుండానే చూశారండీ. పడీ పడీ నవ్వారు. లెగో బొమ్మల తలలు ఊడిపోవడం, ఓడలు ముక్కలుముక్కలై మళ్ళీ అతుక్కోవడం చూసి నవ్వడానికి ముందు కథ తెలియాలా? ఇంతకీ కథ చెప్పుకుంటే చిన్నదే. చివరి సినిమా తరువాత రే అనే నాయిక తన స్నేహితుడు ఫిన్‌కు జెడై (ఆ కథల్లోని యోధులు) విద్య నేర్పబోయి విఫలమవుతుంది. గురువుగా తనలో లోపమేమిటో తెలుసుకుందామని ఒక పాత గుడికి వెళ్తుంది. అక్కడ దొరికిన తాళంచెవితో ఒక కాలంలోంచి ఇంకో కాలంలోకి దూకుతూ పోతుంది. వెళ్ళిన ప్రతిచోటా ఏదో ఒక పాత సినిమాలోని గురుశిష్యులు ఎదురవుతారు.

పెద్దవాడు మాత్రం అయిదు నిమిషాలకొకసారి "ఈయన ఎవరు?" అని అడుగుతూనే ఉన్నాడు. అది నిజమే. కానీ కానుక ఇచ్చే సన్నివేశానికి ఎవరూ ఏమీ వివరించాల్సిన పని పడలేదు. సినిమాల్లో అంత భయంకరమైన విలన్ వేడర్, పండుగ కదా అని తన పైవాడైన చక్రవర్తికి కాఫీ కప్పు కానుకగా ఇస్తాడు. దాని మీద "గెలాక్సీలోకెల్లా ఉత్తమ చక్రవర్తి" అని రాసి ఉంటుంది. ఆఫీసులో పై అధికారిని మంచి చేసుకోవాలని తంటాలు పడే ఉద్యోగిలా ఉంటాడు వేడర్ అప్పుడు. అది చూసి పిల్లలకంటే నేనే ఎక్కువ నవ్వాను.

పుస్తకాలపురుగు:
నేను విశాఖ అమ్మగారి తమ్ముడి పక్షం. జరుక్ శాస్త్రి పేరడీలు శ్రీశ్రీని చదవనివాళ్ళకు సగమే అందుతాయి. ఇదీ అంతే. డల్లాస్ నాన్నగారు చెప్పిన కప్పు సంగతే తీసుకోండి. 1983 సినిమా చివర్లో చక్రవర్తిని అమాంతం ఎత్తి లోతైన గొయ్యిలోకి విసిరేసేది ఆ వేడరే. అది తెలిసినవాడికి ఆ కానుకలో రెండో నవ్వు ఉంది. ముందు స్పెషల్ చూపిస్తే, రేపు ఆ సినిమా చూసేటప్పుడు ఆ గంభీరమైన ఘట్టంలో పిల్లవాడికి కాఫీ కప్పే గుర్తుకొస్తుంది. ఆ సినిమాకు అన్యాయం కాదా?

డల్లాస్_నాన్న:
సగం అందినా నవ్వు నవ్వే కదండీ. మిగతా సగం పెద్దయ్యాక అందుకుంటారు. మా వాడు స్పెషల్ చూశాకే "అసలు సినిమా పెట్టు నాన్నా" అన్నాడు. ముందు సినిమా పెట్టి ఉంటే పది నిమిషాలకు లేచిపోయేవాడు.

పాతక్యాసెట్టు:
ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. ఈ లెగో స్పెషల్ ఆటపట్టించేది సినిమాలను ఒక్కటే కాదు, 1978 నాటి అసలు హాలిడే స్పెషల్‌ను కూడా.

మొదటి సినిమా 1977లో విరగబడి ఆడింది. రెండోది 1980లో గానీ రాలేదు. ఆ మధ్యలో 1978 నవంబరు 17న అమెరికాలో సీబీఎస్ చానెల్ రెండు గంటల పండుగ కార్యక్రమం ప్రసారం చేసింది. సినిమాలోని అసలు నటులే, హారిసన్ ఫోర్డ్, మార్క్ హామిల్, క్యారీ ఫిషర్, అందులోనూ కనిపిస్తారు. "లైఫ్ డే" పండుగకు ఒళ్ళంతా జుట్టున్న చూబాకా తన ఇంటికి చేరాలి. తండ్రి ఇచ్చీ, భార్య మల్లా, కొడుకు లంపీ ఎదురుచూస్తుంటారు. ఇంతే కథ. అయితే ఆ కుటుంబానికి మన భాష రాదు. కార్యక్రమం మొదట్లో చాలాసేపు ముగ్గురూ వాళ్ళ భాషలో గుర్రుగుర్రుమంటూ మాట్లాడుకుంటారు. కింద ఒక్క అక్షరం పడదు! పండుగ కార్యక్రమం అని పిల్లలతో టీవీ ముందు కూర్చున్నవాళ్ళు ఏమనుకుని ఉంటారో మీరే ఊహించుకోండి.

నాకు మరీ ఇష్టమైనది వంట ఘట్టం. మల్లా టీవీలో వంటల కార్యక్రమం చూస్తూ వండుతుంటుంది. అందులో ఆడవేషం వేసిన హాస్యనటుడు హార్వీ కోర్మన్‌కు నాలుగు చేతులు. ఒక చేత్తో కలుపుతూ, ఇంకో చేత్తో గిలకొడుతూ, కలుపు, గిలక్కొట్టు అని పాటలా చెబుతూ వేగం పెంచుకుంటూ పోతాడు. పాపం మల్లాకు ఉన్నవి రెండే చేతులు. కాసేపు కుస్తీపట్టి, విసుగొచ్చి వదిలేస్తుంది. యూట్యూబు చూసి వంట చేసే ప్రతి ఒక్కరికీ ఆవిడ బాధ తెలుసు.

అంత గందరగోళంలోనూ ఒక మంచి పని జరిగింది. మధ్యలో సుమారు పది నిమిషాల కార్టూన్ ఒకటి వస్తుంది. కెనడాలోని టొరంటోకు చెందిన నెల్వానా సంస్థ తీసింది. తరువాత అంత పేరు తెచ్చుకున్న బోబా ఫెట్ (డబ్బు కోసం మనుషులను వేటాడే పాత్ర) మొదటిసారి తెర మీదికి వచ్చింది అందులోనే, 1980 సినిమాలో కాదు. కార్యక్రమం మొత్తాన్ని అమెరికా టీవీలో మళ్ళీ వేయలేదు, అధికారికంగా క్యాసెట్టుగానూ డిస్కుగానూ విడుదల చేయలేదు. ఆ రాత్రి ఇంట్లో రికార్డు చేసుకున్నవాళ్ళ టేపులకు నకళ్ళు, ఆ నకళ్ళకు నకళ్ళు, అలా అభిమానుల మధ్య తిరిగింది. కార్టూన్ ఒక్కటే 2021లో డిస్నీ ప్లస్‌లో పెట్టారు.

లెగో స్పెషల్ విడుదలైన తేదీ చూడండి: 2020 నవంబరు 17. సరిగ్గా 42 ఏళ్ళకు అదే రోజు, అదే లైఫ్ డే, అదే చూబాకా కుటుంబం. ఆ కంపెనీ తన పాత పరువునష్టాన్ని తానే వేళాకోళం చేసుకుంది. నాకు అందులో నచ్చింది అదే.

విశాఖ_అమ్మ:
పాతక్యాసెట్టు గారూ, ఆ వంట ఘట్టం వెతుక్కుని చూశాను. గిలక్కొట్టు అంటూ మా వాడు ఇల్లంతా తిరుగుతున్నాడు. మీ దయ.

నైట్‌షిఫ్టు_ఇంజనీరు:
ఇలాంటివి ఇంకా కావాలంటే ఒక హెచ్చరిక. బొమ్మలు కనిపిస్తున్నాయి కదా అని, అమెరికా టీవీ కార్యక్రమాలైన రోబో చికెన్ వాళ్ళ స్టార్ వార్స్ స్పెషల్ (2007), ఫ్యామిలీ గై వాళ్ళ బ్లూ హార్వెస్ట్ (అదీ 2007) పిల్లలకు పెట్టకండి. రెండూ పెద్దల హాస్యం, బూతులు దండిగా ఉంటాయి. పిల్లలు పడుకున్నాక మీరు చూడండి, తప్పు లేదు.

రోబో చికెన్‌లో మన చక్రవర్తికి ఫోన్ వచ్చే ఘట్టం ఒకటి ఉంది. అవతల వేడర్. సామ్రాజ్యం కట్టుకున్న డెత్ స్టార్ అనే మహా అంతరిక్ష కేంద్రం పేలిపోయింది అని నసుగుతూ చెబుతాడు. ఇవతల చక్రవర్తి బాధ సామ్రాజ్యం గురించి కాదు, దానికి చేసిన అప్పు ఇంకా తీరనే లేదని. ఇల్లు కట్టి ఈఎంఐలు కడుతున్న నాకు ఆ రోజు మొదటిసారి ఆయన మీద జాలి కలిగింది. ఇంకో విశేషం, స్టార్ వార్స్ సృష్టికర్త జార్జ్ లూకాస్ తన పాత్రకు తానే గొంతు ఇచ్చాడు. మార్క్ హామిల్ కూడా ఉన్నాడు. వెక్కిరింపుకు అసలు యజమానే వచ్చి గొంతు కలపడం మన దగ్గర ఎప్పుడు చూస్తామో.

కార్టూన్_మావయ్య:
పిల్లలకైతే 2014లో వచ్చిన ఫినియస్ అండ్ ఫెర్బ్ (డిస్నీ వాళ్ళ కార్టూన్) స్టార్ వార్స్ మేలు. స్టార్ వార్స్ తీసే లూకాస్‌ఫిల్మ్‌ను డిస్నీ 2012లో కొన్నది కాబట్టి రెండూ ఒకే గూటికి చేరాయి. 1977 సినిమా జరుగుతుండగానే దాని పక్కన ఈ కథ నడుస్తుంది. ఫినియస్, ఫెర్బ్ అన్నదమ్ములు టాటూయిన్ గ్రహంలో సినిమా హీరో లూక్ ఇంటి పొరుగువాళ్ళు. వాళ్ళ అక్క క్యాండెస్ ఇందులో స్టార్మ్‌ట్రూపర్, అంటే చక్రవర్తి సైనికురాలు. పెద్దగా నోరు విప్పని ఫెర్బ్ చెడువైపు తిరిగి డార్త్ ఫెర్బ్ అవుతాడు. పాటలు కూడా ఉన్నాయి. మా మేనల్లుడు ఇది చూసి ఊరుకున్నాడు, సినిమా ఊసే ఎత్తలేదు.

పుస్తకాలపురుగు:
చూశారా! నేను భయపడింది అదే. అమ్మా, తొమ్మిది అక్కరలేదు. 1977 నాటిది ఒక్కటి, రెండు గంటల సినిమా, ముందు చూపించండి. లూక్, హాన్, వేడర్ తెలిస్తే లెగో స్పెషల్‌లో చాలా భాగం దారికి వస్తుంది. మిగిలింది డల్లాస్ నాన్నగారు అన్నట్టు పెద్దయ్యాక చూసుకుంటాడు.

డల్లాస్_నాన్న:
ఇది నాకూ సమ్మతమే. ఒక్క సినిమా అయితే ఒప్పుకుంటాను.

విశాఖ_అమ్మ:
సరే, ఆదివారం ఆ ఒక్కటీ పెడతాను. మా వాడు రక్తం చూస్తే రాత్రి నిద్రపోడు. అందులో అలాంటివి ఏమైనా ఉన్నాయా?

పాతక్యాసెట్టు:
రెండు చోట్ల జాగ్రత్తండీ. లూక్ పరుగున ఇంటికి తిరిగి వచ్చేటప్పటికి బాబాయి, పిన్ని కాలిపోయిన అస్థిపంజరాలై కనిపిస్తారు. ఒక్క క్షణమే కానీ చూపిస్తారు. ఆ తరువాత మద్యశాలలో గొడవ మొదలైనప్పుడు లూక్ వెంట ఉన్న ముసలి జెడై ఓబీవాన్ ఒకడి చెయ్యి నరికేస్తాడు, తెగిపడిన చెయ్యి నేల మీద రక్తంతో కనిపిస్తుంది. రిమోట్ మీ చేతిలోనే ఉంచుకోండి.