గోల్ఫ్‌లో ఐదడుగుల పట్ కూడా ఎడమకే పోతోంది, తప్పు స్ట్రోక్‌దా, నేను నిలబడే తీరుదా?

మూడుపట్ల_మొనగాడు
నాది కుడిచేతి వాటం. నెల రోజులుగా నాలుగైదు అడుగుల పట్‌లు (బాల్‌ని హోల్‌లోకి దొర్లించే చిన్న దెబ్బలు) వరసబెట్టి హోల్ ఎడమ అంచు రాసుకుంటూ పోతున్నాయి. ఇంట్లో కార్పెట్ మీద ఇరవై కొడితే పద్దెనిమిది పడతాయి, అదే పట్టర్ (పట్ కొట్టే క్లబ్, అంటే గోల్ఫ్ కర్ర), అదే బాల్. గ్రీన్ (హోల్ చుట్టూ కురచగా కత్తిరించిన గడ్డి) మీదికెళ్లి స్కోరు రాసుకోవడం మొదలయ్యాక మాత్రం ఎడమకే. మణికట్టు తిప్పుతున్నానేమోనని గ్రిప్ మార్చా, స్ట్రోక్ చిన్నది చేశా, చివరికి కుడి అంచుకి గురిపెట్టా, దాంతో కొన్ని కుడికి కూడా పోవడం మొదలైంది, ఉన్నదీ పోయింది. బాల్‌ని ఎడమ మడమకి ఎదురుగా పెట్టి పైకి కొట్టమని ఒకాయన చెప్పారు, అప్పట్నుంచి అలాగే పెడుతున్నా. స్టాన్స్‌కీ (నిలబడే తీరుకీ) బాల్ పొజిషన్‌కీ నిజంగా అంత సంబంధం ఉందా? లేక హోల్‌కి ఎదురుగా నిలబడి కాళ్ల మధ్య నుంచి తోసెయ్యనా?

పచ్చికపిచ్చి
ఆ చివరి ఐడియా మానుకోండి :) బాల్ వెళ్లే గీతకి అటో కాలు ఇటో కాలు వేసి పట్ కొట్టడాన్ని 1968లోనే నిషేధించారు. గోల్ఫ్ దిగ్గజం శామ్ స్నీడ్ అంతటివాడే పద్ధతి మార్చుకుని గీతకి ఒక పక్కకి జరగాల్సొచ్చింది.

సంబంధం ఉందండి, చాలానే ఉంది. తలుపు తీసి వేస్తున్నట్టు ఊహించుకోండి. చాలామందికి పట్టర్ వెనక్కి వెళ్లేటప్పుడు ఫేస్ (బాల్‌కి తగిలే ముఖం) కాస్త తెరుచుకుంటుంది, ముందుకొచ్చేటప్పుడు మూసుకుంటుంది, మధ్యలో ఒక్క చోటే హోల్ వైపు నేరుగా చూస్తుంది. బాల్ ఆ చోటు దాటి ముందుంటే ఫేస్ అప్పటికే మూసుకుపోతూ తగులుతుంది, ఎడమకి పోతుంది. మరీ వెనక ఉంటే ఇంకా తెరిచే ఉంటుంది కాబట్టి కుడికి. పైగా వెనక పెడితే పట్టర్‌కి ఉండే ఆ మూడు నాలుగు డిగ్రీల లాఫ్ట్ (ఫేస్ పైకి వాలి ఉండే కోణం) కూడా పోయి బాల్‌ని గడ్డిలోకి నొక్కినట్టవుతుంది, మొదట్లోనే ఒక గెంతు గెంతుతుంది. అంటే మీ స్ట్రోక్ బాగానే ఉండి, బాల్ చోటే తప్పై ఉండొచ్చు.

ఎంత తేడాకి ఎంత తప్పుతుందో చూడండి. పది అడుగుల దూరంలో ఫేస్ 1 డిగ్రీ తిరిగితే బాల్ రెండు అంగుళాలు పక్కకి పోతుంది. హోల్ వెడల్పే 4.25 అంగుళాలు, అందులో సగం రెండుకి కాస్త ఎక్కువ, అంటే మధ్యకి గురిపెట్టిన బాల్ అంచు మీదికొచ్చేస్తుంది. మీ ఐదడుగులకి రెండు డిగ్రీలు చాలు. రెండు డిగ్రీలంటే కంటికి కనపడదు.

అరడిగ్రీ
స్టాన్స్ గురించి మరీ ఎక్కువ ఆలోచించొద్దని నా అభిప్రాయం. జాక్ నిక్లాస్ బాగా వంగి, స్టాన్స్ తెరిచి (ఒళ్లు కాస్త హోల్ వైపు తిప్పి నిలబడి) పట్ కొట్టేవాడు, పుస్తకంలో బొమ్మకి దగ్గరగా కూడా ఉండదు, అయినా 18 మేజర్లు (గోల్ఫ్‌లో అతిపెద్ద టోర్నమెంట్లు) గెలిచాడు. ఏదో ఒకటి పట్టుకుని రోజూ అదే చేస్తే చాలు.

పచ్చికపిచ్చి
రోజూ అదే చేయడమే కదండీ ఇక్కడ జరగనిది! కాళ్లు తెరిచి నిలబడడం వేరు, తెలీకుండా భుజాలు తెరుచుకోవడం వేరు. బాల్ ముందుకెళ్లేకొద్దీ దాన్ని అందుకోవడానికి కుడి భుజం ముందుకొస్తుంది, స్ట్రోక్ ఆ భుజాల వెంటే ఎడమకి కోస్తుంది. ఫేస్ మూసుకోవడం ఒకటి, ఈ కోత ఒకటి, రెండూ ఎడమకే.

ఎడంచేతి_వాటం
నేను మీ అందరికీ అద్దంలో బొమ్మని, నాకు ఇవన్నీ తిరగేసి చదువుకోవాలి, అయినా ఒకటి అడుగుతా. కార్పెట్ మీద పాదాల మధ్య ఎంత ఎడం ఉంటుంది, గ్రీన్ మీద ఎంత? నేను టెన్షన్‌లో ఉన్నప్పుడు కదలకుండా ఉండాలని కాళ్లు వెడల్పు చేసేవాణ్ణి, అదీ హోల్‌కి దూరంగా ఉన్న కాలు ఒక్కటే జరిపి. అప్పుడు బాల్ ముందు మడమ దగ్గరే ఉంటుంది, చూస్తే మార్పేమీ లేదనిపిస్తుంది, కానీ ఛాతీ వెనక్కి జరిగిపోతుంది. స్ట్రోక్ ఛాతీ చుట్టూ తిరుగుతుంది, మడమ చుట్టూ కాదు. అందుకే పాదంతో కొలవడం మానేశా.

ఇలా చూడండి. మామూలుగా నిలబడి, ఇంకో బాల్‌ని ఎడమ కంటి దగ్గర పట్టుకుని వదిలెయ్యండి. కింద ఉన్న బాల్ మీదో, దానికి మీ వైపు కొంచెం ఇవతలో పడాలి. హోల్‌కి దూరంగా, వెనక పడిందంటే బాల్‌ని మరీ ముందు పెట్టినట్టే. ఎదురుగా ఫోన్ పెట్టి రెండు చోట్లా వీడియో కూడా తీయండి.

మూడుపట్ల_మొనగాడు
వీడియో చూసి సిగ్గేసింది. కార్పెట్ మీద పాదాల మధ్య జానెడు, గ్రీన్ మీద దానికి రెట్టింపు, జరిగింది కుడి కాలే. కంటి దగ్గర్నుంచి వదిలిన బాల్ రెండు బాల్‌ల దూరం వెనక పడింది. ఇప్పుడు ఛాతీ మధ్య నుంచి ఒక బాల్ ముందుకి పెడుతున్నా, ఇంకేమీ మార్చలేదు. కింద ఒక క్లబ్ పడుకోబెట్టి పాదాలు దానికి ఆనించి కూడా చూశా.

పచ్చికపిచ్చి
ఆ క్లబ్ ప్రాక్టీసులోనే సుమా. రౌండ్‌లో అలా పెట్టి స్టాన్స్ తీసుకుంటే 2019 నుంచి పెనాల్టీ, కొట్టే ముందు తీసేసినా సరే.

మూడుపట్ల_మొనగాడు
నిన్న రౌండ్ ఆడా. ఐదడుగుల లోపువి తొమ్మిదొస్తే ఏడు పడ్డాయి. పోయిన రెండింట్లో ఒకటి ఎడమకే, ఆ పట్‌కి ముందు మళ్లీ కుడి కాలు జరిపానని కొట్టాక గుర్తొచ్చింది. రెండోది హోల్ దాకా రానే లేదు, అది వేరే పోస్ట్ పెడతా.