లోయర్ ఆర్మ్ బుష్‌లు ఇంట్లో మార్చుకోవచ్చా, షెడ్డుకే వెళ్లాలా?

బెజవాడ హ్యాచ్‌బ్యాక్:
స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడల్లా ఎడమవైపు ముందు చక్రం దగ్గర టక్కుమని చప్పుడు. కిందికి దూరి చూస్తే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బాడీకి కలిపే కింది ఇనుప చెయ్యి) ముందు బుష్ (ఆ ఆర్మ్ బాడీకి కలిసే చోట ఉండే, రబ్బరు కూర్చిన ఇనుప గొట్టం) రబ్బరు చీలి, వేలిగోరు పట్టేంత సందు కనిపించింది. పది నెలల కిందటే ఓ షెడ్డులో కొత్తవి వేయించాను. ఈసారి ఆదివారం నేనే వేసుకుందామని ఉంది. ఏమంటారు?

పాత మెకానిక్:
వద్దు బాబూ. బోల్టులు ఎవరైనా విప్పుతారు. బిగుసుకుపోయిన బుష్ ఆర్మ్‌లోంచి బయటికి రావాలంటే ప్రెస్, అంటే గట్టిగా నొక్కే యంత్రం కావాలి. సుత్తితో బాదితే ఆర్మ్ వంగుతుంది, కొత్త బుష్ వంకరగా కూర్చుంటుంది. చాలామంది రబ్బరును కాల్చి తీస్తారు, ఆ పొగ పీల్చడం ఇంకా ప్రమాదం.

స్పానర్ 17:
పెద్దాయనా, ప్రెస్ మాట నిజమే. ఆర్మ్ మాత్రం ఇంట్లో విప్పి ఆటోనగర్ లేత్ షాపుకి పట్టుకెళ్తే సరి, పాతది నెట్టి కొత్తది నొక్కి ఇస్తారు.

నాకు అనుమానం వేరే చోట. పది నెలలకే ఎందుకు చీలింది? బుష్ బేరింగ్‌లా తిరగదు. లోపలి ఇనుప గొట్టాన్ని బోల్టు బాడీకి పట్టేస్తుంది, బయటి గొట్టం ఆర్మ్‌తో పాటు కదులుతుంది, రెండింటికీ అతుక్కున్న రబ్బరు మధ్యలో మెలిపడుతుంది. బండి లిఫ్ట్ మీద, ఆర్మ్ వేలాడుతుండగానే బోల్టు బిగించేస్తే, కిందికి దించిన క్షణం నుంచి ఆ రబ్బరు పిండిన తడిబట్టలా మెలిపడే ఉంటుంది. గుంతలో పడ్డప్పుడల్లా ఇంకాస్త. చీలక ఏం చేస్తుంది?

బోల్టు వదులుగా పెట్టి, చక్రం వేసి, బండి బరువు నేల మీద పడ్డాకే మాన్యువల్‌లో ఉన్న లెక్కకు టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో కొలిచి బిగించే పానాతో) బిగించాలి. తొందరలో ఉన్న షెడ్డు కుర్రాడికి అంత ఓపిక ఎక్కడిది? మన బండికి మనకుంటుంది. అందుకే ఇంట్లోనే అంటాను.

గుంటూరు రైడర్:
ఇంత గోల ఎందుకు బ్రో, రబ్బరు బదులు పాలీయురేథేన్ (గట్టి ప్లాస్టిక్ లాంటిది) బుష్‌లు వేసెయ్. జన్మలో మార్చక్కర్లేదు.

స్పానర్ 17:
వేసి చూశాను అన్నా. హ్యాండ్లింగ్ బిగుతుగా ఉంది గానీ, కంకర రోడ్డు మీద స్టీరింగ్ అదురు మోచేతుల దాకా వచ్చింది. సిలికాన్ గ్రీజు ఆరిపోయాక కీచుకీచు. మా ఆవిడ కారెక్కడం మానేసింది.

పాత మెకానిక్:
నేల మీద బిగించాలన్న మాట ఒప్పుకుంటున్నా, మా షెడ్లలో చాలామంది చెయ్యరు. అయినా నా భయం జాకీ గురించి. ఓసారి పెరట్లో కింద పలక పెట్టకుండా లేపితే, జాకీ మట్టిలోకి దిగబడి బండి ఒరిగింది. చెయ్యి బయటికి తీసి అర నిమిషం కూడా కాలేదు. స్టాండ్లు లేకపోతే ఆ మాటే ఎత్తొద్దు. బాల్ జాయింట్ (ఆర్మ్‌ని చక్రం వైపు కలిపే గుండ్రటి కీలు) కూడా లూజుగా ఉంటే బుష్‌తో కుస్తీ మానేసి కొత్త ఆర్మే కొనుక్కో, రెండూ అందులోనే వస్తాయి.

బెజవాడ హ్యాచ్‌బ్యాక్:
జాయింట్ గట్టిగానే ఉంది. స్టాండ్లు కొంటాను, నొక్కించేది లేత్ షాపులో, బిగించేది నేల మీద. మర్నాడు చక్రాల అలైన్‌మెంట్ (వంకర లేకుండా సరిచేయించడం). బుష్ ఎక్కించేటప్పుడు గ్రీజు రాయాలా?

స్పానర్ 17:
అస్సలు వద్దు, మామూలు గ్రీజుకి రబ్బరు ఉబ్బుతుంది. సబ్బునీళ్లు చాలు. పాతది తీసేముందు రబ్బరులో ఖాళీలు ఏ వైపున్నాయో ఆర్మ్ మీద సుద్దతో గీసుకోండి, కొత్తదీ అదే వైపు కూర్చోవాలి, లేత్ షాపతను అడగడు.