వాలుగంటి కళ్లలో వాలుగ ఉందా?

మొన్న ఆదివారం చేపల మార్కెట్‌లో తీసిన ఫొటో పెడుతున్నాను. మూరన్నర పొడుగు, ఒంటి మీద పొలుసు లేదు, తల చప్పిడిగా ఉంది, నోరు కంటి వెనక దాకా చీరేసినట్టుంది. అమ్మే ఆవిడ వాలుగ అంది. ఇంటికి తెస్తే మా బావగారు చూసి "ఇది చెరువుల్లో పెంచే చవక చేప పంగస్, నిన్ను బాగా ముంచారు" అన్నారు. కూర బాగానే కుదిరింది గానీ నాకు వేరే సందేహం పట్టుకుంది. వాలుగంటి అంటే ఈ చేపలాంటి కళ్లున్న స్త్రీ అనేనా? బళ్లో అలాగే విన్న గుర్తు. కానీ దీని కళ్లు చూస్తే ఒంటికి తగ్గట్టు లేనే లేవు, గింజలంత ఉన్నాయి. ఏ కవి మెచ్చుకుంటాడండీ వీటిని?

—

చేప సంగతి ముందు తేలుద్దాం. ఫొటోలో ఉన్నది వాలుగే. పంగస్‌కైనా జెల్లకైనా వీపు మీద తోక దగ్గర చిన్న కండరెక్క ఒకటి ఉంటుంది, వాలుగకు ఉండదు. దీనికి వీపు మీద ఉన్నది ఒకటే బుల్లి రెక్క. కడుపు కింది రెక్క మాత్రం తోక దాకా సాగి ఉంటుంది. మీసాలు రెండు జతలు: పైవి బారెడు, గడ్డం కిందివి పొట్టివి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌కైతే నాలుగు జతలు, వీపు రెక్క కూడా పొడుగు.

గోదావరిలో, కృష్ణలో, కొల్లేటిలో, పెద్ద చెరువుల్లో ఉంటుంది. లోతుగా, నిదానంగా పారే బురద అడుగు నీళ్లంటే ఇష్టం. పగలు ఒడ్డు కింద బొరియల్లో నక్కి, రాత్రి వేటకు బయల్దేరుతుంది. చేప పిల్లలు, రొయ్యలు, కప్పలు ఏవీ వదలదు. అందుకే చేపల చెరువు వాళ్లకు ఇది కనపడితే ఒకటే టెన్షన్. వానాకాలం వరదకు మెరక మీద నీళ్లు నిలిస్తే అక్కడికి పోయి గుడ్లు పెడుతుంది. బెంగాలీలు బోయాల్ అనేది దీన్నే.

—

కళ్ల విషయంలో చిన్న పొరపాటు ఉందండీ. మీనాక్షి అన్నప్పుడు చేప కంటితో పోల్చరు, చేపతోనే పోలుస్తారు. ఆ కోల ఆకారం, ఆ చటుక్కున కదలడం, ఆ మెరుపు. కాబట్టి వాలుగ కళ్లు చిన్నవని మాట కొట్టేయలేం.

అయితే వాలుగంటిలో వాలుగ లేదనే నా అభిప్రాయం. కలువకు కన్ను చేరిస్తే కలువకంటి అవుతుంది, కలుగంటి కాదు కదా. ఆ లెక్కన వాలుగకు చేరిస్తే వాలుగకంటి కావాలి. వాలుగంటి అంటే వాలు, కన్ను. క కాస్తా గ అయింది, అంతే.

—

మాస్టారూ, పక్కపక్కనే గ, క వస్తే నాలుక ఒకదాన్ని మింగేస్తుంది కదా? వాలుగకంటి అనీ అనీ వాలుగంటి అయిపోయి ఉండకూడదా?

—

మంచి ప్రశ్నే. మింగచ్చు. కానీ వాలుజడ మాటేమిటి? వాలుచూపు మాటేమిటి? జడలో చేప ఎక్కడినుంచి వస్తుంది? ఈ మూడింట్లోనూ ఉన్నది ఒకటే వాలు. పొడుగైన, వాలిన అని దాని అర్థం.

ఇప్పుడు అసలు తమాషా. వాలు అంటే కత్తి అని కూడా నిఘంటువులు చెబుతాయి. తమిళంలో వాళ్, పాత కన్నడంలో బాళ్. మన వాలుగ చేపను తమిళులు వాళై అంటారు, కన్నడిగులు బాళె అంటారు. (కన్నడంలో అరటి కూడా బాళెయే, అది వేరే కథ.) సముద్రంలో దొరికే, కత్తిలా తళతళలాడే రిబ్బన్ చేప కూడా తమిళులకు వాళైయే. పొలుసు లేకుండా, పక్కలు నొక్కినట్టు, వెండిలా మెరిసే ఆ ఒళ్లు చూస్తే ఆ పేరు ఊరికే రాలేదనిపిస్తుంది. అంటే కన్ను చేప నుంచి రాలేదు. చేపకు పేరిచ్చిన కత్తే కంటికీ పేరిచ్చి ఉండొచ్చు. ఇద్దరూ అక్కాచెల్లెళ్లు, తల్లీకూతుళ్లు కారు.

ఇంకో సంగతి. దీని శాస్త్రీయ నామం వాలాగో అట్టు. 1851లో బ్లీకర్ అనే డచ్ శాస్త్రవేత్త పెట్టిన వాలాగో మన వాలుగే. అట్టు అంతకు ముందే, 1801లో బ్లాక్, ష్నైడర్ పుస్తకంలో ఉంది. అది పెసరట్టు కాదు లెండి, తమిళుల ఆత్తు, అంటే ఏరు. తెలుగు చేప, తమిళ ఏరు కలిసి లాటిన్ వేషం వేశాయి.

—

మా కరీంనగర్ దిక్కు కూడ వాలుగనే అంటరు. కాకపోతే ఇప్పుడు వాగులల్ల మునుపటంత దొరుకుతలేదు. ప్రపంచవ్యాప్తంగనే దీన్ని ముప్పున్న చేపల జాబితాల పెట్టిన్రు.

—

అందరికీ థ్యాంక్స్. తోక వైపు తీసిన ఇంకో ఫొటో దొరికింది, కింద పెడుతున్నాను. కండరెక్క లేదు. బావగారికి కూడా పంపాను. చూసినట్టు రెండు నీలం టిక్కులు పడ్డాయి గానీ జవాబు మాత్రం ఇంకా రాలేదు.