రేచుకుక్కల (అడవికుక్కల) మంద పెద్దపులిని చంపగలదా?

కాలిజాడ:
చిరుత గురించి మొదలైన చర్చలు కూడా చివరికి ఈ ప్రశ్న దగ్గరే తేలుతున్నాయి కాబట్టి దీన్ని విడిగా పెడుతున్నాను. ‘పది రేచుకుక్కలు చుట్టుముడితే పెద్దపులి పని అయిపోయినట్టే’ అని ఇక్కడ చాలామంది రాస్తున్నారు. నేను ఒప్పుకోను. రేచుకుక్క బరువు 12 నుంచి 20 కిలోలు. ఎదిగిన మగపులి సాధారణంగా 200 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది, ఆడపులి 100 నుంచి 160. పులి పంజా దెబ్బ సరిగ్గా పడితే కుక్క నడుము అక్కడే విరుగుతుంది. చిరుతను చెట్టెక్కించడం వేరు, ఆరోగ్యంగా ఉన్న పెద్దపులిని చంపడం వేరు.

మందబలం:
బరువులు పక్కపక్కన పెట్టి తేల్చేస్తే రేచుకుక్కలు కణుజును (పెద్ద జింకను) కూడా ముట్టుకోకూడదు. మరి ముట్టుకుంటున్నాయిగా! మంద పనిచేసే తీరు చూడండి. రెండు కుక్కలు ముందు నిలబడి పులి ముఖాన్ని తమవైపు తిప్పుకుంటాయి. మిగతావి వెనక తొడల మీద, తోక మొదట్లో కరిచి, అది తిరిగేలోపు వెనక్కి దూకుతాయి. పులి తిరిగిందా, ఇంతసేపూ ముందున్నవి ఇప్పుడు వెనక ఉంటాయి. ఇలా గంటసేపు సాగితే అలిసేది ఎవరు? పులిది పొంచి ఉండి దూకే వేట, దూరం పరిగెత్తలేదు. రేచుకుక్కది తరిమి తరిమి పట్టే వేట. చలిచీమలకు చిక్కిన పాము సంగతి మనవాళ్లు ఊరికే చెప్పలేదు.

పొదరిల్లు:
చిరుత చెట్టెక్కడం వీడియోల్లో చూశాం. పులి కూడా ఎక్కుతుందా అండి?

కాలిజాడ:
పొదరిల్లు గారూ, పిల్లలు, ఈడు రాని పులులు ఎక్కుతాయి. ఎదిగిన పులికి బరువే అడ్డం. అది బండకో, దట్టమైన పొదకో, పెద్ద మాను మొదలుకో వీపు ఆనించి నిలబడుతుంది. మందబలం గారి లెక్క చెడేది ఇక్కడే. వెనకవైపు మూసుకుపోయాక ప్రతి కుక్కా పంజాల వైపు నుంచే రావాలి. నీళ్లలోనూ అంతే. పులికి కాళ్లు ఆనే లోతులో రేచుకుక్కకు కాళ్లు ఆనవు.

మందబలం:
అడుగడుగునా బండలుంటాయా? పాత వేటగాళ్ల రాతల్లో రేచుకుక్కలు పులిని చంపిన ఉదంతాలు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. పోయినసారి వాటి సంగతి ఎత్తితే ‘కట్టుకథలు’ అని నలుగురు ఎగతాళి చేశారు, ఆపైన చర్చే మూసేశారు. నా ప్రశ్నకు మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు. మళ్లీ అడుగుతున్నాను. చచ్చిన పులి ఒంటి నిండా కుక్క కాట్లు ఉన్నాయంటే అర్థం ఏమిటి?

ఎముకలగూడు:
పైకి కనిపించే కాటు ఏమీ చెప్పదు. తోలు ఒలిచి లోపలివైపు చూడాలి. బతికుండగా పడిన కాటు కింద రక్తం కండలోకి ఇంకి కమిలి ఉంటుంది, కడిగినా పోదు. చచ్చాక పడిన కాటు కింద కండ పాలిపోయి ఉంటుంది. ఆ తర్వాత జంట గుంతల మధ్య దూరం కొలవాలి. పులి పై కోరల మధ్య 5 సెం.మీ. అటూ ఇటూ, రేచుకుక్కవి సుమారు అందులో సగం. మెడ మీది పెద్ద గుంతలు కమిలి, తొడల మీది చిన్న గుంతలు పాలిపోయి ఉంటే దాన్ని చంపింది ఇంకో పులి, కుక్కలు తర్వాత వచ్చి తిన్నాయి.

పాదాలు కూడా విప్పి చూడాలి. ముళ్లపంది ముల్లు దిగి చీముపట్టిన పంజాతో పులి వేటాడలేదు, డొక్కలు ఎండిపోతాయి. అలాంటిదాన్ని మంద పడగొట్టవచ్చు. అది రేచుకుక్కల గెలుపా, ముళ్లపంది గెలుపా? ఇంకో చిక్కు ఉంది. కళేబరం రెండు రోజులు ఎండలో పడుంటే కమిలిన కండా కుళ్లిన కండా ఒకే రంగుకు వస్తాయి. ఎక్కువ పొరపాటు తీర్పులు అక్కడే పుడతాయి.

మందబలం:
అంటే కుక్కలే చంపినా మీరు ఒప్పుకోరన్నమాట.

ఎముకలగూడు:
ఒప్పుకుంటాను. తొడల మీది కాట్లు కమిలి, మెడ శుభ్రంగా ఉండి, పంజాల్లో పుండు లేకపోతే.

నీటిమడుగు:
అసలు ఇవి ఎదురుపడేదే తక్కువ. పడమటి కనుమల్లో ట్రాప్ కెమెరాలకు రేచుకుక్కలు పగటిపూట చిక్కుతాయి, పులి ఎక్కువగా రాత్రి. వేట కూడా వేరు. కర్ణాటకలోని నాగరహొళె అడవి మీద పరిశోధకులు కారంత్, సన్‌క్విస్ట్ 1995లో ఇచ్చిన లెక్కలో పులి చంపిన జంతువుల సగటు బరువు 91.5 కిలోలు, రేచుకుక్కలవి 43.4, చిరుతవి 37.6. గొడవంటూ వస్తే తెల్లవారుజామున, కళేబరం దగ్గరే.

మందబలం:
నేనూ అక్కడికే వస్తున్నా. పన్నెండు కుక్కలు ఈల కూతలతో చుట్టూ తిరుగుతుంటే పులి తిండి వదిలేసి పోతుంది. వదిలిపోయినవాడు ఓడినట్టే. ఇంకేం తేలాలి?

కాలిజాడ:
మాట మార్చకండి. మొదట అన్నది చంపడం, ఇప్పుడంటున్నది వదిలిపోవడం. పులి ఒక పూటకు 20, 30 కిలోలు తినేయగలదు. మిగిలిన ఎముకల కోసం కోరపన్ను విరగ్గొట్టుకుంటే దానికి వేటాడి పెట్టేవాళ్లు ఎవరూ లేరు, ఒంటరిది. అందుకే పోతుంది. కుక్కలు మీద పడకపోవడానికీ అలాంటి కారణమే ఉంది. మందలో సాధారణంగా ఒక్క జంటే పిల్లల్ని కంటుంది. మిగతావి మాంసం మింగి వచ్చి బొరియ దగ్గర కక్కి ఆ పిల్లల్ని సాకుతాయి. ఎనిమిదింటిలో మూడు పోతే ఆ ఏడు పిల్లలు బతకడం కష్టం. రెండువైపులా బెదిరింపే ఎక్కువ, కాటు తక్కువ. బొరియ పక్కనే పులి కనబడితే మాత్రం లెక్క మారుతుంది, అప్పుడు కుక్కలు తెగిస్తాయి.

మందబలం:
మీకు పులి తప్ప ఇంకో జంతువు ఆనదు. పులి గొంతు పట్టి చంపితే ఠీవి, రేచుకుక్క పేగులు లాగితే క్రూరత్వం. ఈ వేదికలో మొదటి నుంచీ ఇదే పక్షపాతం.

కాలిజాడ:
నన్నా పులి పక్షం అంటున్నారు? బ్రిటిష్ కాలంలో రేచుకుక్కను చంపి చూపిస్తే డబ్బిచ్చేవారు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చేదాకా దాన్ని చీడగానే చూశారు. ‘జింకల్ని ఊడ్చేస్తుంది, పులిని సైతం బతకనివ్వదు’ అన్న పేరు దానికి తెచ్చిపెట్టింది మీరు చూపిస్తున్న ఆ రాతలే. ఆ పేరుతోనే విషం పెట్టారు, తుపాకీతో కాల్చారు. వన్యజాతుల స్థితిని అంచనా వేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ 2015 అంచనా ప్రకారం ప్రపంచం మొత్తంలో పిల్లల్ని కనే ఈడున్న రేచుకుక్కలు 949 నుంచి 2,215 మాత్రమే. మీరు దాన్ని పొగుడుతున్నామనుకుని, దాన్ని చంపించిన కథనే మళ్లీ చెబుతున్నారు. నాకు కోపం అందుకు.

మందబలం:
ఈ మాట మొదటి పోస్టులోనే చెప్పాల్సింది. అయినా ఒప్పుకోను. పులి పేరు మీద అభయారణ్యాలున్నాయి, లెక్కింపులున్నాయి. రేచుకుక్కను చూసి ఊరకుక్క అనుకునేవాళ్లే ఎక్కువ. పులికి ఎదురు నిలుస్తుందని తెలిస్తేనే జనం దానివైపు తల తిప్పుతారు. భయపెట్టే కథ కూడా పోతే దానికి మిగిలేది అనామకత్వమే.

నీటిమడుగు:
ఎదురు నిలుస్తుంది అనండి, ఎవరూ కాదనరు. చంపుతుంది అనకండి.

ఎముకలగూడు:
ఇకపై ఎవరైనా కుక్కలు చంపిన పులి అంటూ ఫొటో పెడితే పక్కన కొలబద్ద పెట్టి తీసినదీ, తోలు ఒలిచాక లోపలివైపు తీసినదీ రెండూ కావాలి. కళేబరం దొరికిన వేళ, పోస్టుమార్టం జరిగిన వేళ కూడా రాయాలి.

మందబలం:
పెడతాను. అప్పటిదాకా ఈ చర్చ మాత్రం మూయకండి.